గోదారి వెంట ఆడవాళ్ల పని

కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకుని గోదావరి తెలంగాణలో అడుగుపెడుతుంది. ఇక్కడి నుంచి నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల పల్లెల్లో మగవాళ్లు దుబాయి బాట పట్టారు. ఊళ్లో ఉన్న ఆడవాళ్లకు దొరికింది బీడీ. ఒళ్లో చాట పెట్టుకుని, నానబెట్టిన ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఆకు నాసిదైనా, కార్ఖానాలో బీడీలు ఏరి పక్కన పడేసినా నష్టం ఆమెదే. అయినా వదలదు. గడప దాటకుండా, పిల్లల్ని చూసుకుంటూ చేసుకునే పని మరి. పీఎఫ్ ఉంటే దాన్ని అసలే వదులుకోదు.

దిగువన గోదావరిఖనిలో జీతమంటే బొగ్గు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి దిగనివ్వలేదు. సడలింపు 2019లో గానీ రాలేదు. ఆడవాళ్లకు ఆ పని చేతకాదని, అది ఆచారమని అనేవాళ్లు ఈ తేదీలు చూడాలి.

భద్రాచలం మన్యంలో ఎండాకాలం పని తునికాకు. తెల్లవారుజామునే అడవికి వెళ్లి కోసుకొచ్చి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లంలో అప్పజెప్పాలి. కట్టలు లెక్కపెట్టేది కల్లేదారు. బీడీకి చుట్టేది ఈ ఆకునే. కోసే చేతికీ చుట్టే చేతికీ రోజుకూలి లేదు, లెక్కకే డబ్బు. ఆకు కోత ఉండేదీ కొన్ని వారాలే. మిగతా కాలం మిరప కోతలో, పత్తి తీతలో.

పాపికొండలు దాటితే ధవళేశ్వరం. 1852 నాటి కాటన్ ఆనకట్ట డెల్టాను మాగాణి చేసింది. నీళ్లున్నచోట ఆడవాళ్లకు పనికి కొదవుండదంటారు. నాట్లు, కలుపు వరకూ నిజమే. కోతలు మిషన్ పట్టుకుపోయింది. చేను రొయ్యల చెరువైతే నాట్లూ లేవు, కలుపూ లేదు. మేత, కాపలా మగవాళ్లవి. ఆడవాళ్లకు మిగిలింది ప్లాంటులో రొయ్య తల తీయడం. కోనసీమ నుంచి చాలామంది ఇంటిపనికి కువైట్ వెళ్లారు. ఎగువన మొగుడు గల్ఫ్‌కు పోతే భార్య బీడీ చుట్టింది. ఇక్కడ భార్యే విమానం ఎక్కింది. నది ఒకటే, గల్ఫూ ఒకటే.

చివర్న నరసాపురం. లేసు అల్లకం ఇక్కడ మిషనరీలు నేర్పింది. ఈ లేసు విదేశాలకు ఎగుమతవుతుంటే, అల్లినామె మాత్రం లెక్కల్లో ఇల్లాలే. 1982లో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ ఊరి లేసు మీద పుస్తకమే రాసింది. పొలం కూలికి పోయే దళిత స్త్రీల సంపాదన, గడప దాటని కాపు స్త్రీల లేసు సంపాదన కన్నా ఎక్కువని అందులో తేల్చింది. అయినా సూది వదిలి నాట్లకు పోవడం ఆ ఇళ్లలో పరువు తక్కువ.