ఒడిబియ్యం లెక్క

తెలంగాణ రాష్ట్రం వచ్చాక మన తిండి గురించి, మన పండగల గురించి మాట్లాడుకోవడం ఎక్కువైంది. 2014లో బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండగలయ్యాయి. సకినాలు, సర్వపిండి, మలీద, పచ్చిపులుసు, జొన్నరొట్టె లాంటివి ఒకప్పుడు ఊరితిండి అని చిన్నచూపు చూసినవే. ఇప్పుడవి హైదరాబాద్-విజయవాడ రహదారి పక్క హోటళ్ళ బోర్డులమీదకి ఎక్కాయి. మా యాసనీ మా వంటనీ హాస్టల్ రోజుల్లో ఎగతాళి చేస్తుంటే విన్నదాన్ని కాబట్టి ఈ మార్పు నాకూ సంతోషమే. కానీ ఈ జాబితాల్లో వంటకం పేరుంటుంది, దినుసులుంటాయి. దంచినవాళ్ళుండరు. అందరికీ వడ్డించి అడుగు ఊడ్చుకు తిన్నవాళ్ళుండరు. ఆచారాల జాబితాలో తప్పకుండా కనిపించే ఒడిబియ్యం సంగతీ అంతే. ‘ఆడబిడ్డకు పుట్టింటి దీవెన’ అన్న ఒక్కమాటతో తేలిపోతుంది. స్త్రీల కథల మీద పరిశోధన చేసిన నాకు, ప్రేమ అన్న మాట కనిపించినచోట దానికింద ఏ లెక్క ఉందో చూడడం అలవాటైంది. ఈసారి మా ఇంటి లెక్కే చూశాను.

నాన్నవాళ్ళది సూర్యాపేట దగ్గరి పల్లె. మూసీ ప్రాజెక్టు కాలువలు అందని మెట్ట. నాయనమ్మ కాలంలో ఆ ఇంట్లో రోజూ తినేది జొన్న. జొన్నలు తడిపి, దంచి, చెరిగి, రవ్వచేసి వండితే గటక. పొద్దున అంబలి, రాత్రి రొట్టె. నంజుకు పుంటికూరో పచ్చిపులుసో. చెరువు కింద ఉన్న కొద్దిపాటి మడిలో పండిన వరి పండగకి, చుట్టాలకి, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకి. మామూలు రోజుల్లో వరన్నం వండితే ముందు మగవాళ్ళకి, తర్వాత పిల్లలకి. మిగిలితే ఆడవాళ్ళకి. మిగిలేది కాదని నాయనమ్మ చెప్పేది.

వాడపల్లిలో కృష్ణ ఒడ్డున నిలబడితే అవతల కనిపించేది పల్నాడు. ఆ పల్నాటి జొన్నన్నాన్ని వెక్కిరిస్తూ శ్రీనాథుడు చెప్పాడని ప్రచారంలో ఉన్న చాటువుల్ని ఎం.ఏ.లో మాకు చమత్కారానికి ఉదాహరణగా చెప్పారు. క్లాసంతా నవ్వింది. సన్నన్నానికి అలవాటుపడ్డ నాలుక బాధ అందులో ఉంది. ఆ జొన్నల్ని దంచిన చేతుల ఊసు లేదు. ఇప్పటి పొగడ్తలోనూ ఆ చేతులు లేవు. నేను గటక కావాలని మారాం చేస్తే నాయనమ్మ అనేది: “తినెటోనికి రుచి యాదికుంటది బిడ్డా, దంచినదానికి రెక్కల నొప్పి యాదికుంటది.” 2006లో పోయేదాకా ఆమె మళ్ళీ గటక ముట్టలేదు.

అలాంటి ఇళ్ళలో పెళ్ళయిన కూతురి ఒడిలో బియ్యం పోయడమంటే చిన్న విషయం కాదు. తల్లి తాను తినకుండా దాచినదాన్ని బిడ్డకు ఇవ్వడం. ఒడిబియ్యంలో ప్రేమ లేదని నేననడం లేదు. అరుదైన గింజ కాబట్టే దానికి అంత బరువు.

అమ్మవాళ్ళది మిర్యాలగూడ వైపు. అక్కడ కథ వేరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమకాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు మాగాణి అయ్యాయి. జొన్నచేలు మళ్ళయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైస్‌మిల్లులు వరసలు కట్టాయి. రోకలి మూలకు చేరింది. ఈ మార్పు ఆడవాళ్ళకి ఎంత ఊరటో, దంచుడు గురించి పాటలు సేకరించే నాలాంటివాళ్ళకంటే దంచినవాళ్ళకే బాగా తెలుసు. అయితే నీళ్ళొచ్చాక నాట్లూ కలుపులూ పెరిగి వంగిన నడుములు కూడా వాళ్ళవే.

వరి రోజువారీ తిండయింది. దానికంటే పెద్దమార్పు, భూమి విలువ పెరగడం. ఒడిబియ్యం కొలత మాత్రం పెరగలేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. పెళ్ళయిన కూతుర్ని బేసి సంవత్సరాల్లో పుట్టింటికి పిలుస్తారు. కొత్తచీర కట్టించి పీటమీద కూర్చోబెడతారు. బియ్యంలో పసుపు, కాస్త నూనె కలుపుతారు. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు, రవికెగుడ్డ చేర్చి ముత్తయిదువలు దోసిళ్ళతో ఆమె కొంగులో పోస్తారు. అన్నదమ్ములు, వదినలు పోస్తారు. లేచేముందు ఆమె ఆ బియ్యంలోంచి అయిదు పిడికిళ్ళు తీసి పుట్టింట్లోనే పోసి రావాలి. పుట్టిల్లు నిండుగా ఉండాలని. మిగిలింది అత్తగారింటికి తీసుకెళ్ళి వండి, చుట్టాలను పిలిచి భోజనం పెడుతుంది. మా ఇళ్ళలో పద్ధతి ఇది. ఊరిని బట్టి, కులాన్ని బట్టి కొంత మారుతుంది. ఇచ్చిన అయిదు కిలోల్లోంచి కూడా ఆమె కొంత వెనక్కి ఇస్తుంది, మిగతాది నలుగురికీ పెడుతుంది. తనదంటూ ఆ బియ్యంలో ఏమీ మిగుల్చుకోకపోవడమే ఆమె పుణ్యం.

అమ్మ పెళ్ళి 1982లో అయింది. నాన్న 2011లో పోయారు. ఈ మధ్యలో ఆమెకు 9 సార్లు ఒడిబియ్యం పోశారు. 5 కిలోల చొప్పున 45 కిలోలు. ఒక బస్తా నిండదు. తాతయ్యకు కాలువ కింద 12 ఎకరాలు. ఆయన 1999లో పోయాక ఇద్దరు మామయ్యలు తెల్లకాగితం మీద చెరి 6 ఎకరాలు రాసుకున్నారు. అమ్మ ఆరోజు అక్కడే ఉంది. పెద్దమనుషులకు చాయ పోసింది.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే, వీలునామా రాయకుండా పోయిన తండ్రి సొంత వాటాలో కూతురికీ కొడుకుతో సమానంగా పాలుంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు పుట్టుకతో హక్కునిచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకొచ్చింది. దేశంలో ముందడుగు వేసిన రాష్ట్రాల్లో మనదొకటి. కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించలేదు. మూడేళ్ళ తేడాతో అమ్మ బయటే ఉండిపోయింది. 2005 సెప్టెంబర్ 9న వచ్చిన కేంద్ర సవరణ పెళ్ళయిందా లేదా అన్న భేదాన్ని తీసేసింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ తీర్పు వార్త నేను అమ్మకు చదివి వినిపించాను.

అమ్మ చివరిదాకా విని, “పోసిన చేతులు బిడ్డా, ఆ చేతులమీద కేసెట్ల ఏస్త?” అంది. కాసేపాగి, “రేపు నేను సస్తే పుట్టింటి చీర తెచ్చి కప్పేది వాళ్ళేకద” అంది.

నా చదువంతా ఈ రెండు మాటల ముందు తడబడింది. అమ్మకు చట్టం తెలియక కాదు, లెక్క రాక కాదు. ఆమె లెక్కలో ఒకవైపు భూమి, రెండోవైపు పుట్టిల్లు. పాలు అడిగితే పుట్టిల్లు పోతుంది. అన్నదమ్ములకు ఆ భయం లేదు. వాళ్ళు భూమి తీసుకున్నా చెల్లెలు పోదు. ఒడిబియ్యం గొప్పతనం ఇక్కడే ఉంది. నువ్వింకా ఈ ఇంటి పిల్లవే అని మూడేళ్ళకోసారి గుర్తుచేస్తుంది, ఏం అడగకూడదో కూడా గుర్తుచేస్తుంది.

ఇంతా చేస్తే, ఆ దోసిళ్ళు కూడా 2011తో ఆగిపోయాయి. భర్తపోయిన స్త్రీకి ఒడిబియ్యం పోయరు. మామయ్యలు పండగకి చీర పంపుతారు, ప్రేమగానే మాట్లాడతారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. కానీ కూతురన్న బంధం అల్లుడి ఊపిరితో ముడిపడి ఉందని ఆ ఏడాది అర్థమైంది. సద్దుల బతుకమ్మనాడు నువ్వుల సద్ది, పెరుగు సద్ది, పులిహోర ఇప్పటికీ అమ్మే చేస్తుంది. గునుగు, తంగేడు తనే పేరుస్తుంది. పసుపు గౌరమ్మను పంచుకునే వేళకు మాత్రం గడపలోకి జరిగి కూర్చుంటుంది. ఎవరూ పొమ్మనరు. ఆమెకే తెలుసు.

అమ్మ పెద్దరికంతో వండి వడ్డించిన చోటు నేనొకటి చూశాను. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా. మా జిల్లాలో హిందువుల ఇళ్ళలో సైదులు, సైదమ్మ అన్న పేర్లు ఎందుకన్ని ఉన్నాయని బయటివాళ్ళు అడుగుతారు. జాన్‌పహాడ్ సైదులుకు మొక్కుకుంటే పుట్టినవాళ్ళు. అక్కడ మొక్కు తీర్చడమంటే కందూరు చేయడం. యాటను కోసి, అక్కడే వండి, వచ్చినవాళ్ళకు పెట్టడం. తమ్ముడి మొక్కు తీర్చినప్పుడు అమ్మే ముందు నిలబడింది. ఆమె నొసటన కుంకుమ ఉందా లేదా అని అడిగినవాళ్ళు లేరు. మన సంప్రదాయాల్లో మనం పట్టుకోదగ్గవి ఏవో ఇలాంటిచోట తెలుస్తుంది.

భూమి ఇచ్చే ఆచారమైతే సరిపోతుందా అన్న ప్రశ్నకు కోదాడలో మా చిన్నమ్మ జవాబు. ఆమె పుట్టిల్లు జగ్గయ్యపేట దగ్గర. కోస్తావైపు కూతురికి పసుపు కుంకుమ కింద పొలం రాసివ్వడం ఉంది. చిన్నమ్మకు ఎకరం వచ్చింది. 1994లో చిన్నాయన లారీ కొనడానికి అది అమ్మేశారు. “నన్నూ అడిగారమ్మాయ్” అంటుంది నవ్వుతూ, “సంతకం ఎక్కడ పెట్టాలో తెలుసా అని.” ఒకచోట ఆచారం భూమినివ్వదు. ఒకచోట ఇచ్చినట్టే ఇచ్చి భర్త చేతికి దాటిస్తుంది.

ఇదంతా భూమి ఉన్నవాళ్ళ గొడవ అని నాకు తెలుసు. మామయ్యల మళ్ళలో నాట్లు వేసే మాదిగ స్త్రీలు తమ కూతుళ్ళకీ ఒడిబియ్యం పోస్తారు. ఆ గింజలు వాళ్ళ కూలి. పంచుకోవడానికి అన్నదమ్ముల దగ్గరా ఏమీ లేదు. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు డబ్బు పట్టా ఉన్నవాళ్ళకు చెక్కులుగా వెళ్ళింది. నాటేసినవాళ్ళు రైతులు కాలేదు, పట్టాలేని మా అమ్మా రైతు కాలేదు. ఈ రెండూ ఒకటే బాధ అనను. రెండింటినీ దాచేది మాత్రం ‘రైతు’ అన్న ఒకే మాట.

బియ్యాన్ని వేరే అర్థంలో పంచిన మనిషి మా ప్రాంతంలోనే పుట్టింది. తుంగతుర్తి దగ్గరి కరివిరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం, పదకొండేళ్ళ వయసులో, వెట్టికి వ్యతిరేకంగా ఆంధ్రమహాసభ ఇచ్చిన పిలుపు విని, భూస్వాముల ఇంటి పిల్లయి ఉండీ వెట్టివాళ్ళకు బియ్యం పంచింది. ఇంట్లోవాళ్ళు కాదన్నా పంచింది. సాయుధపోరాటంలోకి వెళ్ళింది. 2022 మార్చి 19న కన్నుమూసేదాకా ఆ మాట మీదే నిలబడింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినప్పుడు నాకు ఆ పోరాట స్త్రీలందరూ మా ఊరి అమ్మమ్మల్లా కనిపించారు. బియ్యం దీవెనగా కాక హక్కుగా చేతులు మారడం వాళ్ళు చూశారు.

2025 మార్చి 30న, ఉగాదినాడు, హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి రేషన్‌కార్డులమీద సన్నబియ్యం పంపిణీ ప్రారంభించారు. 2013 ఆహారభద్రత చట్టం ప్రకారం ఆ కార్డులో ఇంటిపెద్దగా స్త్రీ పేరుండాలి. అమ్మ పేరు ప్రభుత్వ కాగితం మీద ఇంటిపెద్దగా ఉన్నది అక్కడొక్కచోటే. నెలకు 6 కిలోలు. ఎవరి దయా కాదు, ఎవరి చేతులనూ తలచుకోనక్కర్లేదు.

నా పెళ్ళయి అయిదేళ్ళయిందని మొన్న ఎండాకాలం తమ్ముడు ఒడిబియ్యానికి పిలిచాడు. వస్తాను, రెండు సంగతులున్నాయన్నాను. మొదటి దోసిలి అమ్మ పోయాలి. నాన్న కొన్న 3 ఎకరాలు అమ్మ, నేను, వాడు ముగ్గురి పేర్ల మీదా సమానంగా ఎక్కాలి. “బియ్యం పోసేకాడ భూమి మాటెందుకక్కా?” అన్నాడు. “వేరేరోజు ఎత్తితే ఎవరూ కూర్చోరు కదరా” అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పట్టాకాగితాలు ఎక్కడ పెట్టిన్నో చూస్త” అన్నాడు. తహసీల్దారు ఆఫీసు పని ఇంకా కాలేదు. నేను అడగడం మానలేదు.

అమ్మ మొదట రానంది. మేనత్తలు మొహాలు చూసుకున్నారు. చివరికి వచ్చి పోసింది. చేతులు వణికి సగం గింజలు పీటమీద పడ్డాయి. లేచేముందు పుట్టింట్లో పోయాల్సిన అయిదు పిడికిళ్ళు నేను తీసి, “కొంగు పట్టమ్మా” అన్నాను.

పట్టింది.