తడిబట్టలోంచి కరెంటు

ఎండాకాలం మధ్యాహ్నం ఖరగ్‌పూర్‌లో దండెం మీద వేసిన నూలుచీర చూస్తుండగానే ఆరిపోతుంది. ఆ ఆరడంలో వేడీ కదులుతుంది, నీరూ కదులుతుంది. కొందరు మెకానికల్ ఇంజనీర్లు జీవితమంతా చదివేది ఆ కదలికనే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ మన తెలుగువాళ్లు స్థిరపడిన ఊరు కదా, ఇక్కడి పరిశోధన నాకు పరాయిదనిపించదు.

ఇక్కడి ఐఐటీలో ఆచార్యులు సుమన్ చక్రవర్తి గారు మొదట్లో లోహాలు కరగడం, గడ్డకట్టడం మీద లెక్కలు కట్టారు. తర్వాత వెంట్రుకకన్నా సన్నని దారుల్లో ద్రవాలు ఎలా పారుతాయన్న ప్రశ్నవైపు మళ్లారు. 2019లో ఆయన బృందం ఉప్పునీటిలో తడిసిన నూలుగుడ్డ నుంచి కరెంటు తీసింది. పైన నీరు ఆవిరవుతూ ఉంటే కింది నీరు పోగుల సందుల్లోంచి ఎగబాకుతుంది. దానితోపాటు ఉప్పులోని అయాన్లూ కదులుతాయి, అక్కడే వోల్టేజి పుడుతుంది. ఒక పల్లెలో బట్టలుతికేవాళ్లు ఆరేసిన యాభై దాకా బట్టలను కలిపి చూశారు. దాదాపు ఒక రోజులో, కరెంటును దాచుకునే సూపర్ కెపాసిటర్ 10 వోల్టుల దాకా ఛార్జయింది. తెల్ల ఎల్ఈడీ ఒకటి గంటకు పైగా వెలిగింది.

వెలుగు చిన్నదే. కానీ రోజూ ఊరికే గాలిలో కలిసిపోయే శక్తిని పట్టుకోగలిగారు, నాకు అదే గొప్ప. 2022లో ఆయనకు ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది.

మెకానికల్ పాతబడిపోయిందని కంప్యూటర్ల వైపు వెళ్లిపోతున్న మన పిల్లలకు ఈ తడిబట్టల సంగతి ఒక్కసారి చెప్పండి.