ఏం పని చేస్తారమ్మా?

ప్రతి నెలా 20వ తారీఖు రాత్రి మా ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడరు. అమ్మ అన్నం కంచం నా పక్కన పెట్టేసి చప్పుడు చేయకుండా వెళ్ళిపోతుంది. జీఎస్టీఆర్‌-3బి రిటర్నుకి అదే ఆఖరి రోజు. దాటితే రోజుకి 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద వడ్డీ. డబ్బు క్లయింటుదే కావచ్చు, పోయే పేరు మాత్రం నాది.

కిందటేడాది అలాంటి ఒక 20వ తారీఖున, రాత్రి తొమ్మిదింటికి, నా ఆరేళ్ళ లాప్‌టాప్ బ్లూ స్క్రీన్ చూపించి పడుకుంది. ఇంకా నాలుగు రిటర్నులున్నాయి. తమ్ముడి గేమింగ్ లాప్‌టాప్ లాక్కుని, వాడు గొణుగుతున్నా వినకుండా, పదకొండున్నరకి పూర్తి చేశా. కొత్తది కొనక తప్పదని ఆ రాత్రే తేలిపోయింది. అదీ సినిమాలు చూసుకునేది కాదు, రోజంతా రుద్దినా తట్టుకునే బిజినెస్ లాప్‌టాప్.

నాది విజయవాడలో చిన్న అకౌంటింగ్ ఆఫీసు. ఆఫీసంటే ఒక గది, ఒక ప్రింటరు, నేను. ఉద్యోగం మానేసి, దాచుకున్న డబ్బుతో పెట్టుకున్నా. లక్ష రూపాయలంటే నాకు ఆషామాషీ కాదు.

ముందు ఆన్‌లైన్‌లోకే వెళ్ళా. మనందరం చేసేది అదేగా! కంపెనీ సొంత సైట్లో బిజినెస్ మోడళ్ళకి మనకి కావాల్సినట్టు తయారు చేయించుకునే సౌకర్యం ఉంది. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత, స్క్రీన్ ఏ రకం, కీబోర్డుకి లైటు ఉండాలా వద్దా, విండోస్ హోమా ప్రోనా, వారంటీ ఎన్నేళ్ళు... ఒక్కోటి నొక్కుతుంటే పక్కన ధర ఆటో మీటర్లా తిరుగుతుంటుంది. భలే మజాగా ఉంటుంది లెండి. ఐ5 దగ్గర మొదలెట్టి, 'ఎలాగూ కొంటున్నాం కదా' అని ఐ7 పెట్టా. 'ఎలాగూ ఐ7 పెట్టాం కదా' అని 32 జీబీ ర్యామ్ పెట్టా. 70 వేల దగ్గర మొదలైన లెక్క అర్ధరాత్రికి లక్షా 20 వేలు దాటింది. రోజంతా ఊళ్ళో వాళ్ళ ఖర్చులకి కత్తెర వేసే దాన్ని నేను!

మర్నాడు కీబోర్డు ఎలా ఉంటుందో ఒకసారి నొక్కి చూద్దామని గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ షాపుకి వెళ్ళా. నిజం చెప్పాలంటే, అక్కడ కొనే ఉద్దేశం అప్పటికే సగం లేదు.

సేల్స్ ఆయనకి యాభై దగ్గర పడి ఉంటాయి. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, నేను ఫోన్లో చూపించిన లిస్టు మొత్తం చదివారు. ధర గురించి మాట్లాడలేదు. "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగారు.

చెప్పా. ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్లో ఇరవై ట్యాబులు.

"అయితే రోజంతా అంకెలు కొడతారు. మరి మీరు పెట్టుకున్న 14 అంగుళాల దాంట్లో కుడిపక్కన నంబర్ ప్యాడ్ ఏదీ?"

నిజమే! లేదు. సైట్లో ఇరవై ప్రశ్నలు అడిగారు గానీ అది ఎవరూ అడగలేదు. ఫొటోలో కీబోర్డు చూశా, అందంగా ఉందనుకున్నా. నంబర్ ప్యాడ్ కావాలంటే 16 అంగుళాల మోడల్‌కి వెళ్ళాలి, కాస్త బరువు పెరుగుతుంది, స్కూటీ మీద తిరిగేవాళ్ళు అది చూసుకోవాలి అన్నారు.

తర్వాత ఒక్కోటీ విప్పారు. కంపెనీ క్లయింట్ల డిజిటల్ సంతకాల టోకెన్లు గుచ్చుతారు కదా, వాటికి పాత పెద్ద యూఎస్‌బీ పోర్టే కావాలి, మరీ సన్నటి మోడళ్ళలో చిన్న టైప్‌-సీ తప్ప ఉండదు. ట్యాలీకి ఐ7 ఎందుకు, ఐ5 చాలు. ర్యామ్ 16 జీబీ చాలు, కానీ ఆ సన్నటి దాంట్లో ర్యామ్ బోర్డుకే అతికేసి ఉంటుంది, రేపు పెంచుదామన్నా కుదరదు. ఈ 16 అంగుళాల దాంట్లో ఒక స్లాట్ ఖాళీగా ఉంది, రెండేళ్ళ తర్వాత కావాలంటే అప్పుడు వేసుకోవచ్చు. "క్లయింట్ల షాపులకి వెళ్ళి కూర్చుంటారా?" అనడిగారు. వెళ్తానన్నా. "షట్టర్ పక్కన కుర్చీ వేస్తారు, ఎదురుగా ఎండ. మామూలు స్క్రీన్ కనపడదు. 400 నిట్స్ ది తీసుకోండి" అన్నారు. రంగులు బాగా చూపించే ఖరీదైన స్క్రీన్ ఫొటోలు, వీడియోలు చేసేవాళ్ళకి, నాకు దండగట. ఆ మిగిలిన డబ్బు వారంటీలో పెట్టమన్నారు. సర్వీస్ సెంటర్‌కి మనం మోసుకెళ్ళే వారంటీ వేరు, టెక్నీషియన్ మన ఆఫీసుకే వచ్చే ఆన్‌సైట్ వారంటీ వేరు. "20వ తారీఖున మీరు సర్వీస్ సెంటర్లో టోకెన్ పట్టుకుని కూర్చోలేరు కదమ్మా."

నేను తారీఖు సంగతి చెప్పనే లేదు. ఆయనకి నాలాంటి వాళ్ళు చాలామంది తగిలి ఉంటారు.

దేవుడని చెప్పట్లేదు. మధ్యలో ఒక యాంటీవైరస్, ఒక బ్యాగు అంటగట్టబోయారు. అన్నిటికంటే ముఖ్యంగా, 400 నిట్స్ స్క్రీన్ ఉన్నది ఆయన దగ్గర స్టాకు లేదు. ఇంతసేపూ అదే తీసుకోమన్న మనిషి, "ఇది కూడా ఫర్వాలేదమ్మా, ఇవాళే పట్టుకెళ్ళొచ్చు" అని మామూలు స్క్రీన్‌దే ముందుకి జరిపారు. ర్యామ్ ఆయనే వేసి ఇస్తారట. ధర 1,00,300.

గంటన్నర కూర్చున్నా. టీ కూడా తాగా. "ఇంట్లో అడిగి చెప్తానండీ" అని లేచా. ఆ మాటకి అర్థం ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రాత్రి ఆయన చెప్పినవన్నీ సైట్లో వరసగా నొక్కా. 16 అంగుళాలు, ఐ5, 16 జీబీ, 400 నిట్స్, ఆన్‌సైట్ వారంటీ మూడేళ్ళు. 94,400 వచ్చింది. షాపు కంటే 5,900 తక్కువ. 18 శాతం జీఎస్టీ నాకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది కాబట్టి అసలు తేడా 5,000. అయినా ఆర్డర్ పెట్టేశా. ఇక్కడో మాట. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే డబ్బు కట్టకముందే బిల్లింగ్ దగ్గర ఆ నంబర్ వేయండి. బిల్లు మామూలు పేరు మీద వచ్చాక మార్పించడం పెద్ద తలనొప్పి. నా క్లయింట్లలోనే ఇద్దరు ఇలా క్రెడిట్ పోగొట్టుకున్నారు.

రెండు వారాల్లో వస్తుందన్నారు. మనకోసం ప్రత్యేకంగా తయారయ్యేది కదా, రెండు వారాలు 26 రోజులయ్యాయి. మధ్యలో 11వ తారీఖు వచ్చింది, అంటే జీఎస్టీఆర్‌-1. మళ్ళీ తమ్ముడి కాళ్ళు పట్టుకున్నా. ఎప్పుడొస్తుందని చాట్‌లో అడిగితే 'మీ ఓపికకు ధన్యవాదాలు' అని వచ్చేది. నాకు ఓపిక ఉందని వాళ్ళకెవరు చెప్పారు?

వచ్చింది మాత్రం అచ్చం నేను అడిగినట్టే వచ్చింది. ఎండలో కనపడుతోంది. నంబర్ ప్యాడ్ మీద వేళ్ళు వాటంతటవే పరిగెత్తాయి. రెండు నెలలకి ఒక కీ మొరాయిస్తే ఫోన్ చేశా, మర్నాడే టెక్నీషియన్ ఆఫీసుకి వచ్చి కీబోర్డు మార్చి వెళ్ళాడు. ఆన్‌లైన్‌లో కొంటే సర్వీస్ ఉండదని భయపెట్టే వాళ్ళ మాట నమ్మక్కర్లేదు. వారంటీ ఇచ్చేది కంపెనీ, ఎక్కడ కొన్నా దాని నంబరు ఒకటే.

కాకపోతే ఆ మధ్యలో షాపు ఆయన ఒకసారి ఫోన్ చేశారు. "అమ్మా, ఆ స్క్రీన్‌ది ఒకటి వచ్చింది, పక్కన పెట్టమంటారా?" అని. అప్పటికి నాది డెలివరీ అయ్యి వారం. "ఇప్పుడే కొనట్లేదండీ" అన్నా. ఆ ఫోన్ పెట్టేశాక ఎదురుగా ఉన్న లాప్‌టాప్ వైపు చూడాలనిపించలేదు.

ఆ తర్వాత ఒకరోజు వన్‌టౌన్ నుంచి ఒక వ్యాపారి వచ్చారు. పన్ను నోటీసు పట్టుకుని గంటసేపు కూర్చున్నారు. ఏ బిల్లులు తీయాలో, ఏ పట్టిక ఎలా వేయాలో, ఏం జవాబు రాయాలో అంతా కాగితం మీద రాసిచ్చా. వారానికి ఫోన్ చేస్తే, "మా బావమరిది కొడుకు వేసేశాడమ్మా, మీరు రాసిచ్చిన కాగితం భలే పనికొచ్చింది" అన్నారు సంతోషంగా. ఒళ్ళు మండిపోయింది. అమ్మతో అరగంట తిట్టిపోశా. అమ్మ అంతా విని, "మరి ఆ షాపాయన ఎవరితో చెప్పుకున్నాడో" అని కూరగాయలు తరుక్కోవడానికి వెళ్ళిపోయింది.

మొన్న జనవరిలో ఆఫీసులోకి ఒక అమ్మాయిని పెట్టుకున్నా. తనకి లాప్‌టాప్ కావాలి. ఈసారి సైట్ తెరవలేదు. తనని వెంటబెట్టుకుని నేరుగా గవర్నర్‌పేట వెళ్ళా.

ఆయన గుర్తుపట్టారు. నేను ఏదో చెప్పబోయే లోపే, "400 నిట్స్‌దే తీసుకున్నారా?" అనడిగారు. తలూపా. "ఎండలో కనపడుతోందా?" అన్నారు. బాగా కనపడుతోందన్నా. ఆయన ముఖంలో కోపమేమీ లేదు, తన మాట నిజమైందన్న తృప్తి ఉంది. దాంతో నాకు ఇంకాస్త ఇబ్బందిగా అనిపించింది.

"కంపెనీకి మీకు కావాల్సినట్టు ఆర్డర్ మేమూ పెడతామమ్మా. ఆ రోజు మీరు అడగలేదు, స్టాకు పోవాలని నేనూ చెప్పలేదు" అన్నారు. "సైటు రేటు అన్నిసార్లూ రాదు. నాలుగైదు ఒకేసారి తీసుకుంటే మాత్రం కంపెనీతో మాట్లాడి తగ్గించొచ్చు."

నాకు కావాల్సింది ఒక్కటేగా! సైటు ధర అడగలేదు, పోల్చలేదు. "రెండు వారాలైనా ఆగుతాను, ఆర్డరే పెట్టండి" అన్నా.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, కాగితం తీసుకుని, నా వెనక నిలబడ్డ అమ్మాయి వైపు తిరిగారు.

"నువ్వేం పని చేస్తావమ్మా?"