రోహిణికి గుడి లేదు

బంకించంద్ర చటోపాధ్యాయుని ‘కృష్ణకాంతుని వీలునామా’ 1878లో పుస్తకరూపం దాల్చింది. ఆ నవలాకారుని గురుస్థానంలో నిలుపుకొని కూడా, ఆ నవలలోని ఒక మరణానికి మాత్రం సమ్మతించలేకపోయిన పాఠకుడు ఒకడున్నాడు. ఆయనే శరత్‌చంద్రుడు. చిన్ననాడు బంకిం గ్రంథాలను మళ్ళీ మళ్ళీ చదివాననీ, నవల అనేది అంతకు మించి ఉండగలదని అప్పుడు తోచలేదనీ చెప్పుకున్నవాడు ఆయనే. రోహిణిని పిస్తోలుతో ఎందుకు చంపవలసివచ్చిందని అడిగినవాడూ ఆయనే. భక్తి, అభియోగం ఒకే హృదయంలో పక్కపక్కనే నిలిచాయి.

కథ హరిద్రాగ్రామంలో మొదలవుతుంది. రోహిణి చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకున్న స్త్రీ. జమీందారు కృష్ణకాంతుని పెద్దకొడుకు హరలాల్ ఆమెకు పెళ్ళి ఆశ చూపి తండ్రి వీలునామాను దొంగిలింపజేస్తాడు. పని తీరగానే ముఖం చాటేస్తాడు. జమీందారు తమ్ముని కొడుకు గోవిందలాల్‌పై మనసుపడిన రోహిణి, అతనికి అన్యాయం జరగరాదని అసలు వీలునామాను తిరిగి యథాస్థానంలో పెట్టబోయి పట్టుబడుతుంది. చేసిన మంచిపనే ఆమెను దొంగగా నిలబెట్టింది. దిక్కుతోచక వారుణీ పుష్కరిణిలో మునిగిన ఆమెను గోవిందలాల్ బయటికి తీసి, నోట ఊపిరి ఊది బ్రతికిస్తాడు. తరువాత భార్య భ్రమరను విడిచి, రోహిణితో ప్రసాదపురంలో రహస్యంగా కాపురం పెడతాడు. భ్రమర తండ్రి మాధవీనాథుని స్నేహితుడు నిశాకరుడు మారుపేరుతో వచ్చి, రాత్రివేళ రోహిణిని ఏటిగట్టుకు రప్పించి, గోవిందలాల్ కంటపడేటట్లు చేస్తాడు. ఆనాడు చావును కోరిన మనిషి ఈనాడు తనను చంపవద్దని, తన వయసు చిన్నదని వేడుకుంటుంది. అతడు కాల్చి చంపుతాడు.

శరత్ బాబు వాదసారం ఇది: పాపానికి ఫలితం ఉండరాదని కాదు, ఆ ఫలితం పాత్ర స్వభావంనుంచి పుట్టాలి. అంతగా ప్రేమించిన స్త్రీ ఒక్క సాయంకాలంలో పరపురుషుని కోసం గట్టుకు నడిచిపోవడం ఆమె స్వభావం కాదు, నీతిశాస్త్రానికి కలిగిన అవసరం. అక్కడ కళాకారుడు వెనుకకు తగ్గి, ధర్మాధికారి ముందుకు వచ్చాడు.

ఈ వాదానికి తల ఊపినంతమాత్రాన పాఠకుని మనస్సు కుదుటపడదు. భ్రమర ఏకాకిగా కృశించిపోతున్న పుటలు చదువుతున్నప్పుడు, ఈ ఉసురు ఎవరికో ఒకరికి తగలాలని అతడు కోరుకోలేదా? నిశాకరుడు వల పన్నుతుంటే, చేప పడుతుందా లేదా అని ఆత్రంతో చూడలేదా? పిస్తోలు పేలేదాకా పుటలు తిప్పినవానికి, పేలిన తరువాత జాలిపడడం ఏమంత కష్టం? ఈ నవల కలవరపెట్టేది రోహిణి చచ్చిపోయినందుకు మాత్రమే కాదు. ఆ చావుకు పాఠకుని చేత ముందుగానే ఔననిపించుకున్నందుకు.

పైగా ఈ కథ చెప్పినవాడు న్యాయపీఠం ఎరిగినవాడు. కలకత్తా విశ్వవిద్యాలయపు తొలి పట్టభద్రు లిద్దరిలో ఒకడైన బంకిం, 1858లో డిప్యూటీ మేజిస్ట్రేటుగా మొదట పనిచేసినది జసోరులో. నవలలో గోవిందలాల్ విచారణ జరిగేదీ జసోరులోనే. మాధవీనాథుడు సాక్షులను తిప్పివేయగా హంతకుడు నిర్దోషిగా బయటికి వస్తాడు. మొదటి కూర్పులలో గోవిందలాల్ చివరకు నీట మునిగి ప్రాణం విడుస్తాడు. తరువాత బంకిం ముగింపు మార్చాడు: అతడు సన్న్యసించి, పన్నెండేళ్ళకు తిరిగివచ్చి, భగవంతునియందు శాంతి దొరికిందని చెబుతాడు. అప్పటికి ఆ తోటలో గుడి కట్టి భ్రమర బంగారు ప్రతిమను నిలిపారు. భర్తకు మోక్షమార్గం, భార్యకు ఆలయం లభించాయి. రచయిత కలం తిరిగి పట్టినా రోహిణికి మాత్రం ఆ గుండు తప్పలేదు.

ఆమె బ్రతకడానికి దేశంలో దారి లేక కాదు. విద్యాసాగరుని కృషితో వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. దాని కింద తొలి వివాహం కలకత్తాలోనే ఆ ఏడాది డిసెంబరు 7న జరిగింది. కాని నవలలో ఆ పెళ్ళి మాట హరలాల్ చేతిలో ఎరగా మాత్రమే కనిపిస్తుంది. రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదుర్కొన్న బహిష్కారాలను ఎరిగిన తెలుగువారికి, శాసనానికీ సంఘానికీ మధ్య ఉన్న దూరం ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

ఆ దూరాన్ని వంగ నవలకూడా సులభంగా దాటలేదు. 1873 నాటి ‘విషవృక్షం’లో, వితంతువై మళ్ళీ పెళ్ళాడిన కుందనందిని విషం తాగింది. 1903లో వెలువడిన రవీంద్రుని ‘చోఖేర్ బాలి’లో వినోదిని కాశీకి వెళ్ళిపోయింది. 1917లో శరత్ బాబే ‘చరిత్రహీన్’ ప్రకటించినప్పుడు, అందులోని కిరణ్మయికి చివరకు మతి చలించింది. రోహిణి కోసం వాదించినవాడు తన కథానాయికకు ఇల్లు చూపలేకపోయాడు. అభియోగం మోపడం వేరు, మరో దారి వేయడం వేరు అని ఇక్కడ తెలుస్తుంది. దీనివల్ల ఆయన ప్రశ్న బలహీనపడదు. అది ఎంత కష్టమైన ప్రశ్నో తేలుతుంది.

మరి ఈ పుస్తకాన్ని పాఠకుడు ఏమి చేయాలి? పారవేయడమా, పాతకాలపు మాటలే అని క్షమించి ఊరుకోవడమా? రెండూ తొందరపాటే. కేవలం నీతి చెప్పదలచినవాడైతే రోహిణి చేత పశ్చాత్తాపం పలికించి, తలవంచుకొని చనిపోయేటట్లు వ్రాసి ఉండేవాడు. బంకిం అలా వ్రాయలేదు. పిస్తోలు ఎదుట నిలిచిన ఆమె చేత, బ్రతకాలని ఉందని అనిపించాడు. శిక్ష వేసిన కలమే ఆ మొరనూ ఉన్నదున్నట్లు నమోదు చేసింది. శరత్ బాబు వాదానికి సాక్ష్యం వెలుపలినుంచి రానక్కరలేదు. అది ఆ పుటలోనే ఉంది. బంగారు ప్రతిమ ఉన్న గుడి వరకూ చదివి పుస్తకం మూసిన తరువాత కూడా చెవిలో నిలిచేది ఆ మొరే.