పల్లీలు పడవన్న కడుపుకు పల్లీ ముద్ద

పల్లీలు పైత్యం చేస్తాయన్న మాట హత్నూరలో పుట్టి పెరిగిన వాళ్లెవరికీ కొత్త కాదు. పిల్లలు గుప్పెళ్లకొద్దీ నములుతుంటే పెద్దవాళ్లు పక్కన బెల్లం ముక్క పెట్టేది అందుకే. ఆ ఊరి నుంచి పెళ్లయి మెల్‌బోర్న్‌లో కాపురం పెట్టిన ఒకామెకు, డైటీషియన్ రాసిచ్చిన కాగితంలో తినదగ్గవాటి వరసన పీనట్ బటర్ పేరు కనిపించేసరికి నమ్మబుద్ధి కాలేదు. ఫోన్లో తల్లికి చెప్తే ఆవిడ ఇంకా ఆశ్చర్యపోయింది. "పప్పు వద్దన్నరు, ఎల్లిపాయ వద్దన్నరు, పల్లీలు తినమన్నరా? గదేం పథ్యం బిడ్డా?"

అడగాల్సిన ప్రశ్నే. జవాబు కూడా ఉంది.

కూతురిది ఐబీఎస్ అనే పేగుల జబ్బు. అన్నం తిన్న కాసేపటికే కడుపు ఉబ్బడం, కొన్నాళ్లు మలబద్ధకం, కొన్నాళ్లు విరేచనాలు. పరీక్షలన్నీ చేయిస్తే ఎక్కడా లోపం కనిపించదు, బాధ మాత్రం పోదు. ఈ జబ్బుకు ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ఆహార పద్ధతి ఆమె ఉండే మెల్‌బోర్న్‌లోనే పుట్టింది. మొనాష్ యూనివర్సిటీకి చెందిన పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో ఫాడ్‌మ్యాప్ అన్న పేరు తెచ్చారు. చిన్నపేగులో సరిగా ఇంకక, పెద్దపేగుకు చేరి అక్కడి బ్యాక్టీరియా చేతిలో పులిసి గ్యాసయ్యే కొన్ని రకాల చక్కెరలనూ పిండిపదార్థాలనూ కలిపి ఆ పేరుతో పిలుస్తారు. అవి తక్కువగా ఉండే భోజనం పెట్టినప్పుడు ఐబీఎస్ రోగుల బాధలు దాదాపు సగానికి తగ్గాయని 2014లో మొనాష్ బృందం ప్రకటించింది. ఆ పరీక్షలో పాల్గొన్న రోగులు 30 మందే. సంఖ్య చిన్నదే అయినా, అందరికీ భోజనాలు వండి ఇచ్చి మరీ చేసిన పరిశీలన అది.

ఇక పల్లీల సంగతి. కంది, శనగ, పల్లి మూడూ ఒకే కుటుంబం మొక్కలు. కందిపప్పులో, శనగల్లో ఉండే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను విడగొట్టే ఎంజైమ్ మనిషి పేగుల్లో లేదు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లోని ఫ్రక్టాన్లదీ అదే దారి. పల్లి వేరు. దాని బరువులో సగం నూనె, పావు వంతు ప్రోటీను, పిండిపదార్థం కొంచెమే. అందుకే రెండు టేబుల్ స్పూన్ల పీనట్ బటర్ తిన్నా పులిసే చక్కెరలు పేగుల్లోకి పెద్దగా చేరవు.

అలాగని తల్లి మాట కొట్టిపారేయడానికి లేదు. సగం నూనె అంటే మాటలు కాదు. కొవ్వు ఎక్కువైతే తిన్నది పొట్టలోంచి కిందికి దిగడం ఆలస్యమవుతుంది. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లకు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకు అది ఇబ్బందే. ఊళ్లో పెద్దలు పైత్యం అన్నది చాలావరకు దీన్నే అయి ఉండాలి. రెండు టేబుల్ స్పూన్లంటే 32 గ్రాములు. అందులోనే 190 కేలరీలు, 16 గ్రాముల కొవ్వు ఉంటాయి. పడేదీ పడనిదీ తేల్చేది చాలాసార్లు ఆ కొలతే.

మెత్తగా నూరిన పల్లీకీ అరుగుదలకూ సంబంధం ఈనాటిది కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్ శానిటోరియాన్ని నడిపిన డాక్టర్ జాన్ హార్వీ కెల్లాగ్ శాకాహారి. మాంసానికి బదులుగా రోగులకు పెట్టడానికి గింజల ముద్ద తయారుచేసి 1895లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. వేయించిన గింజ అరగదన్న నమ్మకంతో ఆయన పల్లీలను ఉడికించి నూరించాడు. తర్వాత జనం నాలుకకు నచ్చింది వేయించిన రుచే. 1920ల్లో జోసెఫ్ రోజ్‌ఫీల్డ్ హైడ్రోజనేట్ చేసిన నూనె కలిపి, పైన నూనె తేలకుండా ఉండే పీనట్ బటర్ తెచ్చాడు. చక్కెర కూడా చేరింది. ఆస్పత్రి పథ్యంగా మొదలైనది అలా అంగడి సరుకైంది.

కాబట్టి డబ్బా వెనక రాసింది చదవాలి. పల్లీలు, మహా అయితే ఉప్పు, అంతే ఉండాలి. తేనె, షికోరీ పీచు, ఇన్యులిన్, సార్బిటాల్ లాంటి పేర్లు కనిపిస్తే ఐబీఎస్ ఉన్నవాళ్లు ఆ డబ్బా పక్కన పెట్టేయడం మేలు. ఆరోగ్యం పేరు చెప్పి అమ్మే డబ్బాల్లోనే ఇవి ఎక్కువగా దొరకడం బాధ కలిగించే విషయం.

మెల్‌బోర్న్‌లోని కూతురు బ్రెడ్డు జోలికి వెళ్లలేదు. గోధుమల్లో ఫ్రక్టాన్లున్నాయి కదా. ఇండియన్ స్టోర్లో జొన్నపిండి దొరుకుతుంది. రొట్టె తట్టి, పీనట్ బటర్‌లో కారం, ఉప్పు, కాస్త చింతపండు పులుసు, గోరువెచ్చని నీళ్లు కలిపి పల్లి చట్నీలా చేసుకుంటుంది. వెల్లుల్లి లేని చట్నీ ఎలా అన్న బెంగకు తాలింపే దారి చూపింది. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి గానీ నూనెలో కరగవు. నూనెలో వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేయించి, రెబ్బలన్నీ తీసేసి, ఆ నూనెలోనే ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేస్తే వాసన మిగులుతుంది, గ్యాసు మిగలదు. ఈ కిటుకు తాలింపు వరకే. రెబ్బలు వేసి ఉడికించిన చారులో అయితే, తర్వాత వాటిని ఏరేసినా ఫ్రక్టాన్లు అప్పటికే నీళ్లలోకి దిగి ఉంటాయి.

హత్నూరలో ఉన్న తల్లికి డబ్బా కొనాల్సిన పని లేదు. పల్లీలను సన్నటి సెగ మీద వేయించి, చల్లారాక పొట్టు నలిపి చెరిగి మిక్సీలో వేస్తే ముందు పొడి అవుతుంది, తర్వాత ఉండ కడుతుంది. జార్ వేడెక్కకుండా మధ్యలో ఆపుతూ, అంచులు గీకుతూ తిప్పితే నూనె వదిలి జారుగా వస్తుంది. నూనె చుక్క కూడా పోయనక్కర్లేదు. చూసుకోవాల్సింది గింజనే. ముడతలు పడినవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయాలి. ఆస్పర్జిల్లస్ అనే బూజు వదిలే అఫ్లటాక్సిన్ కాలేయానికి చేటు, క్యాన్సర్ కారకం. వేయిస్తే పూర్తిగా పోదు. దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన సంస్థ హత్నూర ఉన్న జిల్లాలోనే, పటాన్‌చెరులో ఉంది. 1972లో మొదలైన ఇక్రిశాట్ అది. జొన్న, కంది, శనగ, పల్లి దానికి ముఖ్యమైన పంటలు. గింజల్లో అఫ్లటాక్సిన్‌ను తక్కువ ఖర్చుతో పసిగట్టే పరీక్షను అక్కడి శాస్త్రవేత్తలు తయారుచేశారు.

ఫాడ్‌మ్యాప్‌లు తగ్గించే ఈ పథ్యం జన్మంతా చేసేది కాదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. గట్టి నియమం రెండు నుంచి ఆరు వారాలే. ఆ తర్వాత మానేసినవాటిని ఒక్కొక్కటే కొద్దికొద్దిగా తిరిగి తింటూ ఏది ఎంతవరకు పడుతుందో చూసుకోవాలి. మలంలో రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే పథ్యాల జోలికి పోకుండా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పల్లీలకు అలర్జీ ఉన్నవాళ్లకు ఇదేదీ వర్తించదు. మెల్‌బోర్న్‌లోని ఆమె ఇప్పుడు పలుచటి కందిపప్పు చారు దగ్గరికి వచ్చింది. వెల్లుల్లి వంతు ఆ తర్వాత.