చోటు చాలని లెక్క

1988వ సంవత్సరమున నేను విశాఖపట్టణపు రేవునకు సమీపమున నొక చిన్న కార్యాలయములో గుమాస్తాగా నుంటిని. ఓడలలో సరకు నెక్కించి దింపు కూలీల వేతనముల లెక్క వ్రాయుట నా పని. ఆ యేడు జనవరిలో మాకు కంప్యూటరు వచ్చెను. అంతవరకు వాడిన ఖాతా పుస్తకములను అటకమీదికి చేర్చి, వానితో ఇక పని యేమని నేను మిక్కిలి గర్వించితిని.

కొన్ని నెలలు గడచెను. వేతనములు పంచు దినమునకు ముందటి రాత్రి, మెమరీ నిండినదని తెరపై కనబడెను. ఒక్క వరుసయైనను చేర్చుటకు వీలు లేకపోయెను. తెల్లవారిన కూలీలందరు వాకిట నిలుతురు. తొందరపడి నేను మార్చి నెలవరకు గల పాత వరుసలను చెరిపివేసితిని. వానిని వేరొక ఫ్లాపీపై దాచవలెనన్న ఊహయైనను నాకు కలుగలేదు.

వారము తిరుగకమునుపే వృద్ధుడైన కూలి యొకడు వచ్చి, “బాబూ, ఉగాదినాడు రాత్రి పని సేసినాను. ఆ కూలి నాకింకా అందనేదు” అనెను. నేను తెరపై వెదకి, “లెక్కలో లేదు, తాతా” అంటిని. అతడు కొంతసేపు ఆ పెట్టెవంక చూచి, “అది మరిసిపోనాదేమో గాని, నాను మరిసిపోనేదు బాబూ” అని మెల్లగా వెడలిపోయెను. ఆ సాయంకాలము మేస్త్రీ తన చిన్న నోటు పుస్తకము తెచ్చి చూపెను. అందు ఉగాదినాటి పుటలో ఆ వృద్ధుని పేరు స్పష్టముగా నుండెను. మరునాడతనికి కూలి ముట్టినది. నా సిగ్గు మాత్రము తీరలేదు.

కొలది దినములకు మెమరీ పెంచుటకై మెకానిక్కు ఒక కార్డు తెచ్చెను. ఉన్న చోటు ఏల చాలలేదని యతనిని అడిగితిని. అతడిట్లు చెప్పెను: “దీనిలోని 8088 ప్రాసెసరునకు చిరునామా తీగలు ఇరువదియే. కావున 1,024 కిలోబైట్లకు మించి యిది గుర్తింపజాలదు. 1981లో ఐ.బి.ఎం. సంస్థ ఈ తరహా యంత్రమును తెచ్చినపుడు, అందు 384 కిలోబైట్ల చోటును తెర మొదలైనవాని కొరకు ప్రత్యేకించి, 640 మాత్రమే ప్రోగ్రాములకు విడిచెను. 1985లో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి యొక ఉపాయము నేర్పరచినవి. ఈ కార్డులోని మెమరీ 16 కిలోబైట్ల పుటలుగా నుండును. ప్రత్యేకించిన చోటిలో 64 కిలోబైట్ల కిటికీ యొకటి తెరతురు. అందు నాలుగు పుటలే ఒకమారు కనబడును. కావలసిన పుట కిటికీలోనికి వచ్చును, అక్కరలేనిది తప్పుకొనును. కాని యేదియు చెరిగిపోదు. ఈ పద్ధతి తెలిసిన ప్రోగ్రాములే దీనిని వాడుకొనగలవు.”

పిమ్మట అతడు కిటికీగుండ సముద్రమువైపు చూపి, “డాల్ఫిన్ నోస్ కొండప్రక్కనున్న ఇరుకు కాలువలోనుండియే కదా 1933లో తెరచిన లోపలి రేవునకు ఓడలు వచ్చుట! బెర్తు ఖాళీ లేనిచో ఓడ వెలుపల లంగరు వేసికొని, తన వంతుకై వేచియుండును. చోటు లేదని ఓడను ముంచివేయుదుమా?” అని నవ్వెను.

అతడు పరిహాసమునకే యనెను. కాని నేను ముంచిన ఓడ నాకు జ్ఞప్తికి వచ్చి, తల వంచుకొంటిని.

నేడు మన చేతిలోని ఫోనునకు నాటి 640 కిలోబైట్లకు వేల రెట్లు మెమరీ కలదు. ఐనను చోటు చాలలేదను మాట నేటికిని వినబడుచునే యున్నది. అట్టి వేళ ఏది ప్రక్కకు తొలగింపవచ్చును, ఏది చెరుపరాదు అని నిర్ణయించువాడు మనుష్యుడే, యంత్రము కాదు. ఇతరుల కష్టార్జితము వ్రాసిన వరుసను చెరుపుటకు ముందు, నేనిప్పటికిని ఆ వృద్ధుని మాట తలచుకొని చేయి ఆపుదును.