విల్లుకి ముక్కు

నవలలు రాసుకునేదాన్ని, బి.ఏ.లో చరిత్ర వెలగబెట్టినదాన్ని. వేటవిల్లుకి స్టెబిలైజరు తగిలించాలా వద్దా అని నన్ను సలహా అడిగినవాడు ఈ భూప్రపంచంలో మా చెల్లెలి కొడుకొక్కడే. నవ్వకండి. కిందటి అక్టోబరులో పెన్సిల్వేనియాలో వాళ్ళింట్లో ఉన్నాను. అక్కడ ఆ నెలలో, లైసెన్సు ఉన్నవాళ్ళు విల్లుతో జింకల్ని వేటాడొచ్చు. మనకి 1972 చట్టం వచ్చాక జింకని కొడితే జైలే కదా! అందుకని మొదటి రెండు రోజులూ ఆ విల్లుని పాముని చూసినట్టే చూశాను.

అది రాముడి పటంలో ఉండే విల్లు కాదు. రెండు కొసలకీ కప్పీలు, వాటి మీదుగా తాళ్ళు. 1960లలో మిస్సోరీలో అలెన్ అనే ఆయన కనిపెట్టిన రకం. పూర్తిగా లాగి పట్టుకున్నాక చేతి మీద భారం బాగా తగ్గిపోతుందిట. పిడికిలికి కాస్త కింద, ముందువైపు మర తిప్పి బిగించే పొట్టి కడ్డీయే స్టెబిలైజరు. చివర బరువు.

"విల్లుకి ముక్కు మొలిచినట్టుంది. ఎందుకురా ఇది?"

"విల్లు ఊగకుండా, పెద్దమ్మా."

"బరువు పెడితే చెయ్యి ఇంకా ఊగదూ?"

వాడేదో ఫిజిక్సు చెప్పాడు. నా బుర్రకెక్కలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది, చిన్నప్పుడు మా ఊళ్ళో చూసిన దొమ్మరాట. తాడు మీద నడిచే పిల్ల చేతిలో తనకన్నా పొడుగాటి వెదురుగడ. గడ కొసలు దూరంగా ఉండబట్టి అది చటుక్కున తిరగదు. ఈలోగా పిల్ల సర్దుకుంటుంది. విల్లు ముక్కు చేసేదీ అదే. బరువు పిడికిలికి దూరంగా ఉంటే విల్లు పక్కకి తొందరగా ఒరగదు. బాణం వెళ్ళాక చేతికి తగిలే అదురుని కూడా కొంత మింగుతుంది.

"అయితే పొడుగుదే పెట్టుకో" అన్నాను పొద్దున్నే, పెద్ద తెలిసినదానిలా. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చిన మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విల్లుకి ఎంత పొడుగు కడ్డీ ఉంటుందో ఫొటోల్లో చూశానుగా!

"ఆవిడ మైదానంలో నిలబడుతుంది పెద్దమ్మా. నేను చెట్టెక్కి కూర్చోవాలి. అది కొమ్మకి టక్కుమంటే జింక ఉంటుందా?"

"మరి వద్దులే. నిరుడు లేకుండానే వెళ్ళావుగా!"

వాడు మాట్లాడలేదు. తరవాత వంటింట్లో చెల్లెలు చెప్పింది. నిరుడు బాణం తగిలిందిట, తగలవలసిన చోట కాదు. తండ్రీ కొడుకులు టార్చిలైట్లు పట్టుకుని నెత్తుటి చుక్కల వెంట అర్ధరాత్రి దాకా తిరిగారు. జింక దొరకలేదు. వారం రోజులు వీడికి అన్నం సయించలేదు. అయినా వేట ఎందుకు మానలేదో మా చెల్లెలికీ తెలీదు, నాకూ తెలీదు. కానీ నన్నడిగిన ప్రశ్న బరువెంతో అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం పెరట్లో ఇరవై గజాల దూరంలో గురి పెట్టించి, నేనే లెక్క రాశాను. ముక్కు లేకుండా ఆరు బాణాలు: అన్నం పళ్ళెమంత మేర చెదిరాయి. ముక్కుతో ఆరు: కాఫీ సాసరంత. నేను చప్పట్లు కొట్టాను. ఇంకో ఆరు, ఇంకో ఆరు వేయించాను. ఆఖరి ఆరూ మళ్ళీ పళ్ళెమే! చెయ్యి అలిసిపోయింది. ముక్కు బరువు ఎంత చిన్నదైనా మోసేది భుజమే కదా.

"ఉంచుకో. కానీ అలిసిన చేత్తో వెయ్యకు" అన్నాను. నేను ఇవ్వగలిగిన సలహా అంతే.

శనివారం చీకటితోనే వెళ్ళాడు. పొద్దుగూకాక వచ్చి విల్లు గోడకి తగిలించాడు. బాణాలు లెక్కపెట్టాను. ఆరూ ఉన్నాయి.

"రాలేదా?"

"వచ్చింది పెద్దమ్మా. ఇక్కణ్ణుంచి ఆ తులసికోట అంత దూరం. చెయ్యి ఊగింది. దించేశాను."

"ముక్కు ఉందిగా?" అంది మా చెల్లెలు, అన్నం వడ్డిస్తూ.

"ఉందమ్మా. ఊగింది" అని పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.